పాల లెక్కతో ప్రోగ్రామింగ్: మొదటి వరుస నుంచి మొదటి ఫంక్షన్ దాకా

మా వంటగది తలుపు వెనక ఒక గోడ క్యాలెండర్ ఉంటుంది. ప్రతి తేదీ గడిలో ఆరోజు తీసుకున్న పాల ప్యాకెట్ల సంఖ్య రాసి ఉంటుంది. పాలు రాని రోజున "నాగా" అని ఉంటుంది. నెలాఖరున అమ్మ ఆ గడులన్నీ వరుసగా చూసుకుంటూ పోయి, ఎంత ఇవ్వాలో నోటితోనే చెప్పేస్తుంది. ప్రోగ్రామింగ్‌లోని తొలి పాఠాలన్నీ ఆ పనిలో ఉన్నాయి. ధరను గుర్తు పెట్టుకోవడం, ఒక్కో గడినీ చూడడం, నాగా అయితే వదిలేయడం, కూడిక పెంచుకుంటూ పోవడం, ఇంతే. ఈ మార్గదర్శిలో ఆ ఒక్క లెక్కనే తీసుకుని కొద్దికొద్దిగా పెంచుదాం. భాష పైథాన్.

కొత్తవారికి చెప్పేటప్పుడు నేను ఒక్క నియమం దగ్గర పట్టు విడవను. ప్రోగ్రామును నడిపే ముందు, తెర మీద ఏమి వస్తుందో కాగితం మీద రాయాలి. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఖాళీ తెర ముందు కూర్చోగానే చెయ్యి ఆడదు. ఎందుకంటే ఆ ప్రోగ్రాము అవతలివారి బుర్రలో నడిచింది, మన బుర్రలో నడవలేదు. మీరు రాసుకున్న జవాబు, కంప్యూటర్ ఇచ్చిన జవాబు ఎక్కడ వేరుపడతాయో అక్కడే మీకు తెలియనిది దాగి ఉంటుంది. కాబట్టి కంప్యూటర్ కన్నా ముందు ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి.

పైథాన్ ఎందుకు? ఇంగ్లీషు ఎంత రావాలి?

పైథాన్‌ను గైడో వాన్ రోసమ్ 1989 చివర్లో నెదర్లాండ్స్‌లో రాయడం మొదలుపెట్టి 1991లో విడుదల చేశారు. చదవడానికి తేలికగా ఉండాలన్నది ఆ భాష రూపకల్పనలోనే ఉంది. మన సీబీఎస్ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్ పాఠాలు కూడా ఈ భాషలోనే సాగుతున్నాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. 2008లో పైథాన్ 3 వచ్చింది, పాత పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. మీ చేతికి వచ్చిన పుస్తకంలో గానీ కోచింగ్ నోట్సులో గానీ తెర మీద చూపించమని చెప్పే ప్రింట్ అనే మాట పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పాతది. దాన్ని పక్కన పెట్టేయండి.

"ఇంగ్లీషు సరిగా రాదు, నాకు వస్తుందా?" అని చాలామంది అడుగుతారు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లల్లో ఈ భయం మరీ ఎక్కువ. పైథాన్ తనకోసం అట్టిపెట్టుకున్న కీలక పదాలు మొత్తం 35. ఈ వ్యాసంలో మనకు కావలసినవి అయిదారు. పైగా పైథాన్ 3లో మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలో ఉండవచ్చు. ధర, మొత్తం, నాగాలు అని నేరుగా రాయవచ్చు, కంప్యూటర్ ఒప్పుకుంటుంది. ఉద్యోగాల్లో అందరూ ఇంగ్లీషు అక్షరాలతోనే పేర్లు పెడతారు కాబట్టి ఆ అలవాటు తర్వాత చేసుకోక తప్పదు. కానీ తొలి వారాల్లో ఏ మాట పైథాన్‌ది, ఏ పేరు మనది అన్న తేడా కంటికి కనబడడం ఎంతో మేలు.

ఈ వ్యాసంలో ప్రింట్, ఇఫ్, ఫర్ వంటి పైథాన్ మాటలను కూడా తెలుగు లిపిలోనే రాశాను. మీరు మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. ఒక్క అక్షరం పెద్దదైనా పైథాన్ గుర్తుపట్టదు.

పనిముట్లు

4 జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. పైథాన్ డాట్ ఆర్గ్ నుంచి ఉచితంగా దింపుకోండి. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెర అడుగున పాత్ అనే మాట ఉన్న చిన్న గడి కనిపించవచ్చు. కనిపిస్తే దానికి టిక్కు పెట్టండి, లేకపోతే తర్వాత కమాండ్ తెరలో పైథాన్ దొరకక తంటాలు పడతారు. దాంతోపాటే ఐడిల్ అనే ఎడిటర్ వస్తుంది, మొదట్లో అది చాలు. పెద్ద ఎడిటర్లు మీరు సగం మాట రాయగానే మిగతా సగం పూరిస్తాయి. నేర్చుకునే దశలో అది మేలు కాదని నా అభిప్రాయం.

కంప్యూటర్ లేనివారు ఆండ్రాయిడ్ ఫోనులో పైడ్రాయిడ్ 3 యాప్ వాడుకోవచ్చు. చిన్న తెర మీద ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ఈ వ్యాసంలోని ప్రతి ప్రోగ్రామూ అందులో నడుస్తుంది.

ఐడిల్ తెరవగానే మూడు బాణం గుర్తులున్న వరుస కనిపిస్తుంది. అక్కడ ఏది రాసి ఎంటర్ నొక్కినా వెంటనే జవాబు వస్తుంది. చిన్న ప్రయోగాలకు అది బాగుంటుంది. అసలు ప్రోగ్రాములను మాత్రం ఫైల్ మెనూలో కొత్త ఫైలు తెరిచి, అందులో రాసి, సేవ్ చేసి, ఎఫ్5 మీట నొక్కి నడపండి.

మొదటి అడుగు: పేర్లు, విలువలు

ప్యాకెట్ 33 రూపాయలు, రోజుకు 2 ప్యాకెట్లు, నెలకు 30 రోజులు, అందులో 3 నాగాలు అనుకుందాం.

    ధర = 33
    ప్యాకెట్లు = 2
    రోజులు = 30
    నాగాలు = 3
    మొత్తం = ధర * ప్యాకెట్లు * (రోజులు - నాగాలు)
    ప్రింట్(మొత్తం)

నడిపే ముందు కాగితం తీయండి. 27 రోజులు, రోజుకు 66 రూపాయలు, మొత్తం 1782. ఇప్పుడు నడపండి. సరిపోయిందా? అయితే అయిదో వరుసలో బ్రాకెట్లు రెండూ తీసేసి మళ్ళీ నడపండి. 1977 వస్తుంది. ఎర్రర్ ఏమీ రాలేదు, కంప్యూటర్ ఏ ఫిర్యాదూ చేయలేదు. గుణకారాలు ముందు చేసి, వచ్చిన 1980 రూపాయల నుంచి 3 తీసేసింది. రోజుల్లోంచి తీయాల్సిన నాగాలను రూపాయల్లోంచి తీసిందన్నమాట. కాగితం మీద 1782 రాసుకోనివారు ఆ 1977నే నమ్మి పాల డబ్బు ఇచ్చేస్తారు. ఎర్రర్ చూపించే తప్పు కన్నా నోరు మెదపకుండా తప్పు జవాబిచ్చే తప్పు ప్రమాదకరం. నేను కాగితం దగ్గర అంత పట్టు పట్టేది ఇందుకే.

సమానం గుర్తు గురించి ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే లెక్కల్లో బాగా చదివినవారే దీని దగ్గర ఎక్కువగా తడబడతారు. బడిలో ఆ గుర్తుకు "రెండు వైపులా ఒకటే" అని అర్థం. పైథాన్‌లో అది ఒక ఆజ్ఞ. కుడివైపు ఉన్నదాన్ని ముందు లెక్కకట్టు, వచ్చిన విలువకు ఎడమవైపు పేరు పెట్టు అని దాని భావం. అందుకే

    మొత్తం = మొత్తం + 66

అని రాయడం ఇక్కడ పూర్తిగా సబబు. గణితంలో ఇది అసాధ్యం, ఏ సంఖ్యా తనకన్నా 66 ఎక్కువ కాలేదు కదా. ఇక్కడ మాత్రం పాత మొత్తానికి 66 కలిపి, వచ్చినదాన్ని ఇకపై మొత్తం అని పిలువు అని అర్థం. ఈ వరుసను చదివేటప్పుడు "సమానం" అనకుండా "ఇకపై మొత్తం అంటే..." అని తెలుగులో పైకి చదవండి. రెండు రోజుల్లో చిక్కు విడిపోతుంది.

రెండో అడుగు: అడిగి తెలుసుకోవడం

    ధర = 33
    ప్యాకెట్లు = ఇన్‌పుట్("ఈరోజు ఎన్ని ప్యాకెట్లు? ")
    ప్రింట్(ప్యాకెట్లు * ధర)

నడిపి 2 అని జవాబివ్వండి. మీ కాగితం మీద 66 ఉంటుంది. తెర మీద మాత్రం 2 అనే అంకె వరుసగా 33 సార్లు పడుతుంది. దీన్ని చూసి చాలామంది కంప్యూటర్ పాడైందనుకుంటారు. జరిగింది ఇది: ఇన్‌పుట్ ఏది తెచ్చినా దాన్ని రాతగానే తెస్తుంది, సంఖ్యగా కాదు. రాతను ప్రోగ్రామింగ్‌లో స్ట్రింగ్ అంటారు. స్ట్రింగ్‌ను 33తో గుణిస్తే, దాన్ని 33 సార్లు పక్కపక్కన రాయమన్నట్టు. సంఖ్య కావాలంటే మార్చమని చెప్పాలి, అందుకు ఇంట్ (ఐ, ఎన్, టి) అనే మాట ఉంది.

    ప్యాకెట్లు = ఇంట్(ఇన్‌పుట్("ఈరోజు ఎన్ని ప్యాకెట్లు? "))

ఇప్పుడు 66 వస్తుంది. ఇంకో చిన్న సరదా: జవాబుగా 2కు బదులు తెలుగు అంకె ౨ టైపు చేసి చూడండి, అదీ పనిచేస్తుంది. పేరు పెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టేదాన్ని ఫంక్షన్ అంటారు, ఇంట్ అనే ఫంక్షన్‌కు తెలుగు అంకెలు తెలుసు. కాకపోతే ప్రోగ్రాము వరుసల్లో నేరుగా తెలుగు అంకెలు రాస్తే మాత్రం పైథాన్ ఒప్పుకోదు.

స్ట్రింగ్‌ల మాట వచ్చింది కాబట్టి తెలుగువారు తప్పక చేయాల్సిన ప్రయోగం ఒకటుంది. లెన్ (ఎల్, ఇ, ఎన్) అనే ఫంక్షన్ ఒక స్ట్రింగ్ పొడవు చెబుతుంది. లెన్("అమ్మ") ఎంత? రెండు అక్షరాలే కదా అని 2 రాస్తారు. వచ్చేది 4. లెన్("తెలుగు") అడిగితే మూడుకు బదులు 6 వస్తుంది. కంప్యూటర్ లెక్కపెట్టేది మన అక్షరాలను కాదు, యూనికోడ్ (అన్ని లిపులకూ సంకేతాలు ఇచ్చే ప్రమాణం) సంకేతాలను. అమ్మలో అ, మ, పొల్లు, మళ్ళీ మ, ఇవి నాలుగు. తెలుగులో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఇవి ఆరు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో హల్లులకూ గుణింతపు గుర్తులకూ పొల్లుకూ విడివిడిగా చోటు ఉంది. గుణింతాలు దిద్దుకున్న మనకు ఈ విడదీత చప్పున అర్థమవుతుంది. తెలుగు పదాలతో పదవినోదం ఆటో, పద్యాల గణవిభజనో ప్రోగ్రాముగా రాయాలన్న కోరిక ఉన్నవారికి మొదటి మెట్టు ఇదే.

దశాంశాల మాట ఒకటి చెప్పి ముందుకు వెళదాం. 0.1 + 0.2 ఎంతో ఐడిల్‌లో అడగండి. 0.30000000000000004 అంటుంది. మూడో వంతును మనం దశాంశాల్లో రాయబోతే 0.333 అంటూ ఎక్కడా ఆగనట్టే, పదో వంతు కంప్యూటర్ వాడే, 0, 1 అంకెలు మాత్రమే ఉన్న ద్విసంఖ్యామానంలో ఎక్కడా ఆగదు. అది కొంతవరకు రాసి ఆపేస్తుంది. డబ్బు లెక్కల్లో పైసలు వస్తే రూపాయలను దశాంశాల్లో ఉంచకుండా మొత్తం పైసల్లోకి మార్చుకుని పూర్ణసంఖ్యలతో లెక్కపెట్టండి.

మూడో అడుగు: వరుసగా చూసుకుంటూ పోవడం

నిజమైన క్యాలెండర్‌లో రోజూ రెండే ప్యాకెట్లు ఉండవు. చుట్టాలొస్తే మూడు, ఊరెళితే సున్నా. ఒక వారం గడులను ఇలా రాసుకుందాం. చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్నదాన్ని లిస్ట్ అంటారు.

    ధర = 33
    రోజువారీ = [2, 2, 0, 3, 2, 2, 1]
    మొత్తం = 0
    ఫర్ ప్యాకెట్లు ఇన్ రోజువారీ:
        మొత్తం = మొత్తం + ప్యాకెట్లు * ధర
    ప్రింట్(మొత్తం)

ఫర్ ఉన్న వరుసను "రోజువారీలో ఉన్న ఒక్కో ప్యాకెట్ల సంఖ్యకూ" అని చదవండి. దాని చివర కోలన్ ఉండాలి. కింది వరుస నాలుగు ఖాళీలు లోపలికి జరిగి ఉండాలి. లోపలికి జరిగిన వరుసలన్నీ ప్రతి రోజుకూ ఒకసారి నడుస్తాయి. ఇలా పదేపదే నడవడమే లూప్. జరగని వరుస, లూప్ ముగిశాక ఒక్కసారే నడుస్తుంది.

ఇక్కడ తొందరపడకండి. ఈ ఆరు వరుసల మీద ఒక పూట గడిపినా నష్టం లేదు. నోటుపుస్తకంలో రెండు నిలువు వరుసలు గీసి ఒకదానిపైన ప్యాకెట్లు అనీ, రెండోదానిపైన మొత్తం అనీ రాయండి. మొదట మొత్తం కింద 0. మొదటి రోజు 2, మొత్తం 66. రెండో రోజు 2, మొత్తం 132. మూడో రోజు 0, మొత్తం 132గానే ఉంది. నాలుగో రోజు 3, మొత్తం 231. ఆపైన 297, 363, చివరకు 396. వారానికి 12 ప్యాకెట్లు, 12ను 33తో గుణించినా 396 కాబట్టి మీ పట్టిక సరైనదే. ఇలా వరుస వరుసగా కాగితం మీద నడిపించడాన్ని ట్రేసింగ్ అంటారు. అనుభవజ్ఞులు కూడా తప్పు దొరకనప్పుడు చేసేది ఇదే, వారి కాగితం తలలో ఉంటుంది, అంతే తేడా.

పట్టిక వచ్చాక మూడు మార్పులు చేసి చూడండి, ప్రతిసారీ ముందు ఊహ రాసి. ప్రింట్ వరుసను కూడా నాలుగు ఖాళీలు లోపలికి జరిపితే ఏమవుతుంది? మొత్తం = 0 అన్న వరుసను లూప్ లోపల పెడితే? ఆ వరుసను పూర్తిగా తీసేస్తే? మొదటిదానికి ఏడు సంఖ్యలు వస్తాయి. రెండోదానికి 33 మాత్రమే వస్తుంది, ఎందుకంటే ప్రతి రోజూ మొత్తం మళ్ళీ సున్నా అయిపోయి చివరి రోజు ఒక్క ప్యాకెట్ మిగిలింది. మూడోది ఎర్రర్ ఇస్తుంది.

ఎర్రర్‌ను చదవడం

ఎర్రని అక్షరాలు చూడగానే చాలామంది ఫైలు మూసేస్తారు. నేను నేర్చుకున్న కొత్తలో ఒక సాయంత్రమంతా ఒకే ఎర్రర్‌ను చదవకుండానే వరుసలు అటూ ఇటూ మార్చుతూ గడిపాను. చదివి ఉంటే అయిదు నిమిషాల పని. పైథాన్ ఎర్రర్‌ను కింది నుంచి చదవాలి. చివరి వరుసలో తప్పు పేరు, కారణం ఉంటాయి. దాని పైన వరుస సంఖ్య ఉంటుంది.

నేమ్ ఎర్రర్ అంటే ఆ పేరుతో దానికి ఏమీ తెలియదు. పేరులో అక్షరదోషం ఉండవచ్చు, లేదా మొదటి విలువ ఇవ్వడం మరిచి ఉండవచ్చు. పైన చేసిన మూడో మార్పులో వచ్చింది ఇదే. టైప్ ఎర్రర్ అంటే కలవని రకాలను కలపబోయారు, స్ట్రింగ్‌కు సంఖ్యను కూడినట్టు. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే ఖాళీల తేడా. సింటాక్స్ ఎర్రర్ మాత్రం కొంచెం మాయలాడి. అది చూపించిన వరుస శుభ్రంగా ఉంటే, పై వరుసలో బ్రాకెట్ మూశారో లేదో చూడండి.

తెలుగు పేర్లు పెట్టేవారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఉండడానికి మన కీబోర్డులు కంటికి కనబడని ఒక సంకేతాన్ని చేరుస్తాయి. పేపర్‌బిల్లు అన్న మాటలో ర్ తర్వాత ఉన్నది అదే. పేర్లలో దాన్ని పైథాన్ ఒప్పుకోదు, చూడడానికి ఏ తప్పూ కనబడదు. అలాంటి పదాలు వదిలి ధర, రోజులు వంటి సాదా పదాలు ఎంచుకోండి. అలాగే వర్డ్ వంటి వాటి నుంచి కోడ్ అతికిస్తే నిలువు కొటేషన్ల స్థానంలో వంకర కొటేషన్లు వచ్చి ఎర్రర్ ఇస్తాయి. అసలు అతికించకుండా చేత్తో టైపు చేయడమే మంచిది.

ఏఐ సహాయకులను వాడవచ్చా అంటే, వాడండి. కానీ "పాల లెక్క ప్రోగ్రాము రాసివ్వు" అని అడగవద్దు. "నేను 66 వస్తుందనుకున్నాను, ముప్ఫై మూడు రెండ్లు వచ్చాయి, ఎందుకు?" అని అడగండి. మీ ఊహ మీ దగ్గర ఉంటేనే ఆ జవాబు మీకు పాఠం అవుతుంది.

నాలుగో అడుగు: అయితే, కాకపోతే

నాగాలు ఎన్నో కూడా ప్రోగ్రామే చెప్పాలి. మూడో అడుగులోని రోజువారీ లిస్ట్ ఉన్న ఫైలులోనే, దాని కింద ఇది రాయండి.

    నాగాలు = 0
    ఫర్ ప్యాకెట్లు ఇన్ రోజువారీ:
        ఇఫ్ ప్యాకెట్లు == 0:
            నాగాలు = నాగాలు + 1
    ప్రింట్(నాగాలు)

ఇఫ్ వరుసలో సమానం గుర్తులు రెండు. ఒకటి పేరు పెడుతుంది, రెండు పోల్చి చూస్తాయి. ఒక్కటే రాస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. లోపలి వరుస ఎనిమిది ఖాళీలు జరిగింది, ఎందుకంటే అది లూప్ లోపలి షరతుకు లోపల ఉంది. మన వారానికి జవాబు 1.

అయిదో అడుగు: పనికి పేరు పెట్టడం

ఇప్పటిదాకా విలువలకు పేర్లు పెట్టాం. పాల లెక్క కట్టడం అనే పనికే పేరు పెడితే అది ఫంక్షన్. డెఫ్ అనే మాటను డి, ఇ, ఎఫ్ అక్షరాలతో రాయాలి.

    డెఫ్ బిల్లు(రోజువారీ, ధర):
        మొత్తం = 0
        ఫర్ ప్యాకెట్లు ఇన్ రోజువారీ:
            మొత్తం = మొత్తం + ప్యాకెట్లు * ధర
        రిటర్న్ మొత్తం

    ప్రింట్(బిల్లు([2, 2, 0], 33))
    ప్రింట్(బిల్లు([1, 1, 1, 1], 35))

జవాబులు 132, 140. డెఫ్ కింద ఉన్నది రాసినంత మాత్రాన నడవదు. వంట విధానం రాసుకున్నంత మాత్రాన పులుసు తయారు కానట్టే, పేరు పెట్టి పిలిచినప్పుడే నడుస్తుంది. రిటర్న్ వరుసను పొరపాటున లూప్ లోపలికి జరిపితే మొదటి రోజు కాగానే ఫంక్షన్ ముగిసి 66, 35 వస్తాయి. దీన్ని కావాలని ఒకసారి చేసి, పట్టిక గీసి చూడండి. రిటర్న్‌కు బదులు ఫంక్షన్ లోపల ప్రింట్ రాస్తే తెర మీద సంఖ్య కనబడుతుంది గానీ, ఆ సంఖ్యను ఇంకో లెక్కలో వాడుకోలేరు. పాల బిల్లుకు పేపరు బిల్లు కలపబోతే టైప్ ఎర్రర్ వస్తుంది. చూపించడం ఒకటి, చేతికి ఇవ్వడం వేరొకటి.

రోజుకు ముప్పావుగంట కూర్చోగలిగితే ఇక్కడిదాకా రావడానికి మూడు నాలుగు వారాలు తీసుకోండి. రెండు వారాల్లో అయిపోతే ఊహలు రాయకుండా పరుగెత్తారేమో చూసుకోండి. ఆ తర్వాతే పేరుకో విలువ జతచేసి దాచే డిక్షనరీలు, ఫైళ్ళు. ఫైలులో తెలుగు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్‌గా (అంటే అక్షరాలను ఫైలులో దాచే పద్ధతిగా) యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే విండోస్‌లో తెలుగు చెడిపోవడమో ఎర్రర్ రావడమో జరగవచ్చు. వెబ్‌సైట్లు, యాప్‌లు, అమీర్‌పేట బోర్డుల మీద కనిపించే పెద్ద పెద్ద కోర్సుల పేర్లు ఇంకా తర్వాత.

మీ అంతట మీరు చేయాల్సినది

మీ ఇంటి కరెంటు బిల్లు తీయండి. యూనిట్లు పెరిగేకొద్దీ ధర మారుతుంది, ఆ స్లాబుల రేట్లు మీ విద్యుత్ సంస్థ ప్రకటించిన టారిఫ్‌లో ఉంటాయి. యూనిట్లు ఇస్తే ఛార్జీ చెప్పే ఫంక్షన్ రాయండి. కొత్తగా కావలసింది ఎలిఫ్ (ఇ, ఎల్, ఐ, ఎఫ్) ఒక్కటే, "అది కాక, ఇదైతే" అని దాని అర్థం. ముందు తెలుగులో నాలుగు వాక్యాలుగా రాసుకుని తర్వాతే కోడ్‌లోకి దిగండి. స్లాబు 100 యూనిట్ల దగ్గర మారుతుంటే 99, 100, 101 మూడింటికీ కాగితం మీద జవాబు కట్టి సరిచూడండి. తప్పులు దాక్కునేది సరిహద్దుల్లోనే. మీ జవాబు అసలు బిల్లుకన్నా తక్కువ వస్తే స్థిర ఛార్జీలు, విద్యుత్ సుంకం కలిపారో లేదో చూడండి. పైసలతో సహా సరిపోయాక, దాని ముందు నెల బిల్లు తీసి అదే ఫంక్షన్‌కు ఇవ్వండి.